బట్టీయా? డిస్టిలరీయా?

సావనీరుకు ఏదైనా రాసి ఇమ్మని మన యూనియన్ కార్యదర్శి అడిగినప్పుడు కవిత రాద్దామనుకున్నాను. కానీ కవితలు ఇప్పటికే యాభై వచ్చాయట. "వ్యాసమైతే చోటుంది, కాని పసగా ఉండాలె" అన్నాడు. పస సంగతి చదివేవాళ్ళే చెప్పాలి. నాకు మాత్రం కొన్నాళ్ళుగా మనసులో తేలని ఒక తగవు ఉంది. అదే ఇక్కడ మిత్రుల ముందు పెడుతున్నాను.

హాస్టల్లో చేరిన మొదటి రోజున ఎవరైనా "మీదే ఊరు?" అంటారు కదా. నేను "బోధన్" అనగానే "ఓహో, షుగర్ ఫ్యాక్టరీ ఊరా!" అనేవారు. ఇక ఆ మాట మీద రెండు జోకులు. "మీ ఇండ్లల్ల నల్లా తిప్పితే షర్బత్ వస్తదా?" అని ఒకడు, "మీ ఊరోళ్ళందరికీ షుగరేనా?" అని ఇంకొకడు. నేనూ నవ్వేవాణ్ణి. కానీ ఒక్కరు కూడా "మీ ఊర్లో డిస్టిలరీ ఉండేది కదా?" అని అడగలేదు. మా ఊరంటే లోకానికి చక్కెర ఒక్కటే గుర్తు. ఆ చక్కెర వెనుకనే స్పిరిటు కూడా ఉండేదనీ, తియ్యని వాసన వెనుకనే పులిసిన వాసన కూడా వచ్చేదనీ మా ఊరివాళ్ళకు తెలుసు. తెలిసీ చెప్పరు. మా ఇంట్లో మాత్రం ఆ డిస్టిలరీ గురించి మాట్లాడని రోజు లేదు. ఎందుకంటే మా తాత ముప్పై ఏడేళ్ళు అందులో పని చేశాడు. మా నాయనమ్మ ఆ ముప్పై ఏడేళ్ళూ దాన్ని తిట్టింది.

కొంచెం పూర్వకథ చెప్పాలి. మంజీర నది మీద నిజాంసాగర్ కట్ట 1923లో మొదలై 1931లో పూర్తయింది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ గారి ఇంజనీరింగు ప్రతిభకు అది సాక్ష్యం. రెండు లక్షల డెబ్బై అయిదు వేల ఎకరాలకు నీళ్ళివ్వాలని ఆ ప్రాజెక్టు లక్ష్యం. నీళ్ళు వచ్చాయి, నల్లరేగడి ఉంది, ఇక ఆ పొలాల్లో ఏం పండించాలి? చెరకు. ఆ చెరకును ఏం చేయాలి? ఆ ప్రశ్నకు జవాబే 1937లో ఏర్పడిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ. ఆసియాలోనే పెద్దదని దానికి పేరు. ఫ్యాక్టరీ చుట్టూ వెలసిన కాలనీకి శక్కర్‌నగర్ అని పేరు పెట్టారు. క్వార్టర్లు, దవాఖానా, బడి, ఆట మైదానం, అన్నీ ఒక్కచోట. సైరను కూత విని మా అమ్మమ్మలు పొయ్యి మీద ఎసరు పెట్టేవారట. గడియారాలు అందరి ఇండ్లల్లో లేని రోజులవి.

ఇక డిస్టిలరీ సంగతి. చెరకు రసం కాచి, చక్కెర గింజ కట్టించి, ఇక గింజ కట్టని నల్లటి మడ్డిని వేరు చేస్తారు. అదే మొలాసిస్. టన్ను చెరకు ఆడిస్తే సుమారు క్వింటాలు చక్కెర, నలభై, నలభై అయిదు కిలోల మొలాసిస్ వస్తుంది. చక్కెర ఫ్యాక్టరీకి అది పెద్ద తలనొప్పి. పారబోస్తే పొలాలు చెడుతాయి, నిలవ ఉంచితే జాగా చాలదు. కాని ఆ మడ్డిలో ఇంకా సగానికి దగ్గరగా తీపి ఉంటుంది. దానికి నీళ్ళు కలిపి పలుచన చేసి, ఈస్టు వేసి వదిలితే ఒకటి రెండు రోజుల్లో పొంగి, పులిసి, నూటికి ఏడెనిమిది పాళ్ళ ఆల్కహాలు గల కల్లు వంటి ద్రవం తయారవుతుంది. దాన్ని వాష్ అంటారు. నీళ్ళు నూరు డిగ్రీల దగ్గర మరుగుతాయి, ఆల్కహాలు డెబ్బై ఎనిమిది దగ్గరే మరుగుతుంది. ఆ తేడాను పట్టుకొని ఎత్తయిన రాగి స్తంభాల్లో ఆవిరిని మళ్ళీ మళ్ళీ వేరు చేస్తే నూటికి తొంభై అయిదు పాళ్ళ స్పిరిటు వస్తుంది. టన్ను మొలాసిస్‌కు రెండు వందల ఇరవై నుంచి రెండు వందల యాభై లీటర్లు. మనం బి.ఎస్సీ. ల్యాబులో గాజు బుడ్డీతో చేసే డిస్టిలేషనే ఇది. కాకపోతే మా తాత చేసింది మూడంతస్తుల ఎత్తున.

తాత 1959లో చేరాడు. చదివింది నాలుగో తరగతి, అదీ ఉర్దూ మీడియం. మొదట తొట్లు కడిగే పని. పులిసే తొట్టి నుంచి కార్బన్ డయాక్సైడు వస్తుంది. అది గాలి కన్నా బరువు, తొట్టి అడుగున నిలిచిపోతుంది. అందుకని ఖాళీ చేసిన తొట్లోకి ముందు వెలిగించిన లాంతరు తాడు కట్టి దింపేవారట. లాంతరు వెలుగుతుంటే మనిషి దిగవచ్చు, ఆరిపోతే దిగరాదు. "లాంతరు అబద్ధం చెప్పదు బిడ్డా, సూపరవైజరు చెప్తడు" అని తాత నవ్వుతాడు. తర్వాత తర్వాత తొట్టి పులిసే చప్పుడు విని, నురగ రంగు చూసి, వేడి ఎక్కువైందో తక్కువైందో చెప్పగలిగే స్థాయికి వచ్చాడు. కొత్తగా వచ్చిన కెమిస్టులు థర్మామీటరు పెట్టి చూసి, తాత చెప్పిందే అని తల ఊపేవారట. ఈ భాగం తాత చెప్పినప్పుడల్లా థర్మామీటరు చిన్నదవుతూ తాత పెద్దవాడవుతూ ఉంటాడనుకోండి. అది వేరే సంగతి.

తాత గర్వంగా చెప్పే మాట ఇంకొకటుంది. డిస్టిలరీలో ఆబ్కారీ వారి మనుషులు ఎప్పుడూ ఉండేవారు. స్పిరిటు గోదాముకు రెండు తాళాలు. ఒకటి ఫ్యాక్టరీది, ఒకటి సర్కారుది. రెండూ కలిస్తే తప్ప తలుపు తెరుచుకోదు. ప్రతి లీటరుకూ లెక్క. "ముప్పై ఏడేండ్లు దాంట్లనే బతికిన, ఒక్క చుక్క నాలికె మీద పెట్టలే" అంటాడు. నిజమే. మా తాత కల్లు కూడా ముట్టడు. తన దృష్టిలో అది తాగే వస్తువు కాదు. మందులకు పోతుంది, వార్నిషులకు పోతుంది, సీసాలో పోసి ల్యాబుల్లో దీపం వెలిగిస్తారు, మోటార్లు నడుపుతారు.

మోటార్లు అంటే నవ్వకండి. రెండవ ప్రపంచ యుద్ధం నాటికి పెట్రోలు కరువొచ్చినప్పుడు మొలాసిస్ స్పిరిటును నీటి చెమ్మ లేకుండా చేసి పెట్రోలులో కలిపి వాడడం మన దేశంలో అలవాటైంది. దాన్ని పవర్ ఆల్కహాల్ అనేవారు. 1948లో దాని కోసం ఒక చట్టమే చేశారు. తాత చేరేనాటికే పాత పనివాళ్ళు ఆ కథలు చెప్పేవారట. "మా మడ్డితోటి మోటార్లు ఉరికినయి" అని తాత అంటుంటే చిన్నప్పుడు నేను నమ్మలేదు.

ఇప్పుడు నాయనమ్మ పక్షం వినిపించాలి. లేకుంటే నాకు ఇంట్లో అన్నం దొరకదు.

నాయనమ్మ పుట్టిల్లు మంజీర ఒడ్డున చిన్న పల్లె. ఆమెకు ఒక్కడే తమ్ముడు. చెరకు నరికే పని, బండ్లకెత్తే పని చేసేవాడు. సీజనులో చేతికి నాలుగు పైసలొచ్చేవి. 1980లలో సారా ప్యాకెట్ల రూపంలో పల్లె పల్లెకూ వచ్చింది. అంతకు ముందు తాగాలంటే దుకాణం దాకా నడవాలి. ప్యాకెట్లు వచ్చాక దుకాణమే మనిషి దగ్గరికి నడిచి వచ్చింది. కూలి డబ్బులు చేతికందే చోటనే ప్యాకెట్లు. 1989లో ఆ తమ్ముడు పోయాడు. వయసు నలభై నిండలేదు. ఇద్దరు పిల్లలు. కడుపు ఉబ్బి, కండ్లు పచ్చబడి మూడు నెలలు మంచం మీద ఉన్నాడట. చివరి రోజుల్లో కూడా దిండు కింద ప్యాకెట్ దొరికిందని నాయనమ్మ చెప్పేటప్పుడు గొంతు మారదు. అన్నిసార్లు చెప్పి ఆ మాట అరిగిపోయింది.

సారా అంటే ఏమిటి? రెక్టిఫైడ్ స్పిరిటులో నీళ్ళు కలిపితే సారా. ఆ స్పిరిటు ఎక్కడి నుంచి వస్తుంది? మొలాసిస్ నుంచి. నాయనమ్మకు కెమిస్ట్రీ రాదు గాని ఈ సమీకరణం వచ్చు. అందుకే ఆమె దాన్ని ఏనాడూ డిస్టిలరీ అనలేదు. బట్టీ అంటుంది. "నువ్వు బట్టీల కాసినవు, నా తమ్ముడు తాగిండు" అంటుంది. తాత "అది బట్టీ కాదే, డిస్టిలరీ. నేను తీసింది స్పిరిటు. సారా గుత్తేదారుది" అంటాడు. "గుత్తేదారు స్పిరిటు ఆకాశం నుంచి తెచ్చిండా?" అంటుంది. "ఏ బట్టీదో నాకేం ఎరుక? మందుల కంపెనీకి గూడ పోతది గదా" అంటాడు. "మందుల కంపెనీకి పోయింది నా తమ్మునికి రాలే" అంటుంది. తాత లేచి బయటికి పోతాడు. ఈ సంభాషణ నేను పుట్టకముందు నుంచీ నడుస్తున్నది, ఇప్పటికీ ముగియలేదు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం మన జిల్లాల దాకా వచ్చింది. చదువు నేర్చుకోవడానికి రాత్రి బడికి పోయిన ఆడవాళ్ళు పాఠంలో తమ కథే చదువుకొని సారా దుకాణం మీదికి పోయిన చరిత్ర మనం ఎరిగినదే. నాయనమ్మ కూడా రాత్రి బడికి పోయింది. తన పేరు రాయడం అక్కడే నేర్చుకుంది. పుట్టినూరికి పోయి, అక్కడి ఆడవాళ్ళతో కలిసి ప్యాకెట్ల మూటలు గుంజి కాలువలో పారబోసింది. ఆ సాయంత్రం తాత సెకండ్ షిఫ్టుకు డిస్టిలరీకి పోయాడు. ఒకే ఇంట్లో నుంచి ఒకరు తీయడానికి, ఒకరు పారబోయడానికి. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. రెండేళ్ళు తిరగగానే 1997లో అది పోయింది. తాత 1996లో రిటైరయ్యాడు. తగవు మాత్రం రిటైరు కాలేదు.

ఆ తర్వాత ఫ్యాక్టరీకి ఏమైందో పత్రికలు చదివేవాళ్ళకు తెలుసు. 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి పోయింది. దాన్ని మళ్ళీ సర్కారు తీసుకోవాలని ఎన్ని ధర్నాలు, ఎన్ని పాదయాత్రలు, ఎన్ని వాగ్దానాలు! ప్రత్యేక రాష్ట్ర ఉద్యమంలో ఫ్యాక్టరీ పేరు చెప్పని సభ మా ఊర్లో జరగలేదు. రాష్ట్రం వచ్చింది. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీకి తాళం పడింది. బోధన్‌తో పాటు ముత్యంపేట, మెదక్ దగ్గరి యూనిట్లూ మూతబడ్డాయి. 2019లో లిక్విడేషన్ ఉత్తర్వు వచ్చింది. 2024 జనవరిలో తిరిగి తెరిచే విషయం చూడడానికి ప్రభుత్వం ఒక కమిటీ వేసింది.

తాళం పడిన నాటికి నేను ఆరో తరగతి. నాకు గుర్తున్నది ఏమిటంటే, ఒకరోజు ఊరికి వాసన లేకుండా పోయింది. చలికాలం రాగానే ట్రాక్టర్ల వరుస, రోడ్డు మీద రాలిన చెరకు గడల కోసం మా పరుగు, రాత్రిపూట పులిసిన బెల్లం వాసన, ఇవన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. చెరకు నరికాక ఒకటి రెండు రోజుల్లో ఆడించకపోతే తూకమూ తగ్గుతుంది, తీపీ తగ్గుతుంది. దగ్గర ఫ్యాక్టరీ లేని చోట చెరకు వేసే రైతు ఉండడు. మావైపు చాలామంది వరికి మళ్ళారు. హోటళ్ళు, సైకిల్ షాపులు, బట్టల దుకాణాలు ఒక్కొక్కటే వెలవెలబోయాయి. మూతబడ్డ ఫ్యాక్టరీ అంటే మూతబడ్డ గేటు ఒక్కటే కాదని అప్పుడు అర్థం కాలేదు, ఇప్పుడవుతున్నది.

ఇక అసలు విషయానికి వస్తాను. మా ఊరి నుంచి వచ్చి ఇక్కడ చదువుకుంటున్న విద్యార్థులం కొందరం కలిసి ఫ్యాక్టరీ తెరవాలని ఒక వినతిపత్రం తయారు చేశాం. "మా ఊరి తియ్యని వారసత్వాన్ని కాపాడండి" అని దానికి శీర్షిక. నా దగ్గరికి సంతకానికి వచ్చింది. పెన్ను తీశాను, మళ్ళీ జేబులో పెట్టుకున్నాను. మిత్రులకు కోపం వచ్చింది. "మీ తాత పని చేసిన ఫ్యాక్టరీ గదరా!" అన్నారు. అందుకేనని చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతున్నాను.

వారసత్వం అంటే తియ్యనిది ఒక్కటే కాదు. తండ్రి ఆస్తి కావాలన్నవాడు తండ్రి అప్పు కూడా ఒప్పుకోవాలి కదా! మా ఊరి ఆస్తి చక్కెర, బడి, దవాఖానా, తాత నేర్చిన విద్య. మా ఊరి అప్పు మొలాసిస్ నుంచి పుట్టిన స్పిరిటు చివరికి ఎక్కడికి చేరిందన్న ప్రశ్న. ఆ ప్రశ్న మా డిస్టిలరీది ఒక్కదానిదే కాదు, ఈ దేశంలో మొలాసిస్ కాచిన ప్రతి డిస్టిలరీదీ. తాత మంచివాడే, అబద్ధమాడడు. నాయనమ్మ చెప్పిందీ అబద్ధం కాదు. రెండు తాళాల గోదాములో లీటరు లీటరుకూ లెక్క రాశారు. ఆ గేటు దాటిన తర్వాత ఏ ఇంట్లో ఎన్ని ప్రాణాలు పోయాయో ఆ లెక్క రాసే రిజిస్టరు ఏ ఆఫీసులోనూ లేదు. ఆబ్కారీ ఆదాయం తగ్గితే కంగారుపడే సర్కార్లను నైజాము కాలం నుంచి చూస్తూనే ఉన్నాం. ఆదాయానికి ఒక శాఖ ఉంది. ఆడవాళ్ళ ఏడుపుకు శాఖ లేదు.

అయితే ఫ్యాక్టరీ తెరవద్దంటావా అని అడగవచ్చు. అనను. తెరవాలి. కానీ ఎట్లా తెరవాలి అన్నది మనమే చెప్పాలి.

కాలం ఒక తమాషా చేసింది. ఒకనాడు మోటార్లు నడిపిన ఆ స్పిరిటే ఇప్పుడు ఇథనాల్ అనే పేరుతో మళ్ళీ వచ్చింది. 2003లో పెట్రోలులో నూటికి అయిదు పాళ్ళు కలపడం మొదలై, 2022 నాటికి పది పాళ్ళయి, 2025లో ఇరవై పాళ్ళకు చేరింది. అంటే నాయనమ్మ "బట్టీ" నుంచి వచ్చే స్పిరిటు గొంతులోకి పోకుండా మోటారులోకి పోయే దారి ఇప్పుడు దేశమంతా ఉంది. తాత చెప్పిన పాత కథ కథ కాదు, రేపటి పాఠం అయింది.

అట్లాగని ఇథనాల్ పేరు చెబితే చాలు అంతా పవిత్రమైపోతుందా? కాదు. ఒక లీటరు స్పిరిటు తీస్తే పన్నెండు నుంచి పదిహేను లీటర్ల ముదురు గోధుమ రంగు మురుగు మిగులుతుంది. శుద్ధి చేయకుండా వాగులో వదిలితే చేపలు బతకవు, బావి నీళ్ళు తాగడానికి పనికిరావు. 2024 నవంబరులో మన పక్కనే నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో జనం రోడ్డు మీద కూర్చొని ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దన్నారు, పనులు ఆగాయి. వాళ్ళు అభివృద్ధికి శత్రువులని కొందరు పెద్దమనుషులు అన్నారు. నేను అట్లా అనలేను. తమ నీళ్ళ గురించి, తమ గాలి గురించి అడిగే హక్కు వాళ్ళకు ఉంది. ఆ ప్రశ్న మా ఊరు కూడా అడగాలి. ఉద్యోగం కావాలా, నీళ్ళు కావాలా అని మనల్ని తేల్చుకోమనేవాడు మన మేలు కోరేవాడు కాదు. ఆ మురుగు నుంచి గ్యాసు తీసి బాయిలరు మండించవచ్చు, చెరకు మడ్డితో కలిపి ఎరువు చేయవచ్చు. విద్య ఉంది. ఖర్చు పెట్టే మనసు ఉండాలి, పెట్టించే జనం ఉండాలి.

నేను చెప్పదలచింది ఇంతే. ఒకటి, తెరిచే ముందు పాత కార్మికులకు న్యాయంగా రావలసింది ఏదున్నా అది తేల్చాలి. పాత బాకీ మీద కొత్త గేటు నిలవదు. రెండు, స్పిరిటు తీస్తే అది మోటారుకూ, మందులకూ పోవాలి గాని సీసాలోకి పోరాదని ముందే కాగితం మీద రాసుకోవాలి. మూడు, మురుగు లెక్క ఊరి నోటీసు బోర్డు మీద పెట్టాలి. ఆబ్కారీ తాళం లాగా దానికీ రెండో తాళం ఉండాలి, ఆ తాళంచెవి ఊరి చేతిలో ఉండాలి. ఇంకొక మాట మన విద్యార్థులకు. తాత వంటివాళ్ళ చేతిలో ఉన్న విద్య ఏ పుస్తకంలోనూ లేదు. నురగ చూసి వేడి చెప్పే మనిషి ఇంకెన్నాళ్ళు ఉంటాడు? సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు నాలుగు గంటలు కూర్చొని అట్లాంటివాళ్ళు చెప్పేది రాసుకుంటే, అది మన ప్రాజెక్టు రిపోర్టుల కన్నా ఎక్కువ పనికొస్తుందని నా నమ్మకం.

మొన్న దసరా సెలవులకు ఆ వినతిపత్రం ఇంటికి తీసుకుపోయాను. తాతకు చదివి వినిపిస్తే శీర్షిక దగ్గరే సంతకానికి చెయ్యి చాపాడు. ఉర్దూలో పెట్టాడు. నాయనమ్మ "దేని గురించి?" అన్నది. చెప్పాను. "బట్టీ మళ్ళ తెరుస్తరా?" అన్నది. అప్పుడు నేను రెండో మాట, స్పిరిటు సీసాలోకి పోరాదన్నది, కింద చేత్తో రాసి చదివాను. రెండుసార్లు చదివించుకుంది. "గిది కొట్టేయరు గదా?" అన్నది. కొట్టేయనియ్యనన్నాను. రాత్రి బడిలో నేర్చుకున్న ఆ మూడక్షరాల పేరు, నిదానంగా, పంక్తి దాటకుండా రాసింది.

ఆ తర్వాత నేను సంతకం చేశాను. శీర్షికలోని "తియ్యని" అన్న మాట మాత్రం కొట్టేశాను. మా ఊరి మిత్రులు క్షమించాలి. క్షమించకపోయినా సరే, దాని మీద చర్చ జరగాలి. వచ్చే సంవత్సరం సావనీరులో నాకు జవాబు రాయడానికి చోటు ఉంచమని కార్యదర్శి గారిని ఇప్పుడే కోరుతున్నాను.